షాపు బోర్డుకి కూపర్ బ్లాక్ ఫాంట్ పెడితే పాతగా కనిపిస్తుందా?

టిఫిన్ సెంటర్ బోర్డు మీద పేరు కూపర్ బ్లాక్ అనే లావు, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల ఫాంట్‌లో రాయిద్దామనుకుంటున్నానని, మరీ పాతగా ఉంటుందేమోనని అడిగారు. పాతదే అండి, వందేళ్లు దాటింది. అయినా నిశ్చింతగా రాయించండి. దాన్ని చూసి "అబ్బే, ఔట్‌డేటెడ్" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మా బాబాయికి రాజమండ్రిలో స్క్రీన్ ప్రింటింగ్ షెడ్డు ఉండేది. పెళ్లి సంచులు, స్వీటు షాపుల సంచులు, ఇలాంటి పనులే. సెలవులొస్తే నేనూ అక్కడే స్క్వీజీ (రంగు లాగే రబ్బరు పట్టీ) లాగుతూ, తడి సంచులు తాడు మీద ఆరేస్తూ ఉండేవాణ్ణి. ఒకసారి ఓ స్వీటు షాపాయన కొడుకు ఫోన్లో డిజైన్ పట్టుకొచ్చాడు. బొడోనీ తరహా అక్షరాలు, నిలువు గీత బొద్దుగా, అడ్డగీత వెంట్రుకంత. మెరూన్ గుడ్డ మీద బంగారు రంగులో వేయాలట. ఫోన్లో చూస్తే నగల కొట్టు ప్రకటనలా ధగధగలాడుతోంది. బాబాయి "ఇది గుడ్డ మీద నిలవదు బాబూ" అన్నాడు గానీ వింటేగా! సరేనని ఆ డిజైన్‌ని ఫ్రేము జాలీ మీదికి ఎక్కించి శాంపిల్ లాగాం. గుడ్డ నేత గరుకులో సన్న గీతలన్నీ మాయం. హెచ్ రెండు కర్రలైపోయింది, పెద్ద E కాస్తా I అయి కూర్చుంది. సాయంత్రం పెద్దాయన వచ్చి, సంచిని చెయ్యంత దూరంలో పట్టుకుని, కళ్లు చిట్లించి, "మన పేరేదిరా ఇందులో?" అన్నాడు.

బాబాయి ఏమీ మాట్లాడకుండా సిస్టమ్‌లో అదే పేరు కూపర్ బ్లాక్‌లోకి మార్చి, అదే రంగుతో మళ్లీ లాగాడు. పెద్దాయన ఈసారి కళ్లు చిట్లించలేదు.

అది ఎందుకు నిలబడిందంటే, ఆ అక్షరంలో తెగిపోయేంత సన్న గీత లేదు, విరిగిపోయేంత పదును మూల లేదు. సెరిఫ్ (అక్షరం కొసన ఉండే చిన్న అడ్డుముక్క) చివర్లు గుండ్రం. అక్షరం అడుగు కూడా తిన్నగా స్కేలు పెట్టి గీసినట్టు కాకుండా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అంచు దగ్గర రంగు కొంచెం పాకినా ఆకారం చెడదు. ఇంగ్లీషు చిన్న o లోపలి ఖాళీ చూడండి, నిటారుగా ఉండదు, వెనక్కి ఒరిగి ఉంటుంది. అంత లావు అక్షరం బండగా అనిపించకపోవడానికి సగం కారణం ఆ ఒంపే.

దీన్ని గీసినాయన ఆస్వాల్డ్ కూపర్, షికాగోలో చేత్తో ప్రకటనల అక్షరాలు రాసిన మనిషి. 1922లో అక్కడి బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే అచ్చు అక్షరాల ఫౌండ్రీ దీన్ని సీసం అక్షరాలుగా పోసి అమ్మింది. దూరదృష్టి ఉన్న ప్రింటర్ల కోసం, దగ్గర చూపే ఉన్న వాళ్ల కస్టమర్ల కోసం అని ఆయనే జోకేసేవాడట. దాని గిరాకీ చూసి అచ్చు యంత్రాల కంపెనీ మోనోటైప్ వాళ్లు కూడా అలాంటిదే కావాలని అక్షరాలు గీసే ఫ్రెడరిక్ గౌడీ చేత గౌడీ హెవీఫేస్ గీయించారు. గౌడీ ఎవరనుకున్నారు? కూపర్‌కి పాఠాలు చెప్పిన గురువు! ఆ తర్వాత 1966లో అమెరికా పాటల బృందం బీచ్ బాయ్స్ ఆల్బమ్ అట్ట మీదికెక్కింది, డెబ్బైల్లో టీషర్టుల మీద రాజ్యమేలింది, ఇప్పుడు బ్రిటన్ కంపెనీ ఈజీజెట్ విమానాల మీద నారింజ రంగులో ఎగురుతోంది. ఇది కాలం చెల్లినదైతే మరి చెల్లుబాటయ్యేదేదో నాకు తెలీదు.

అలాగని అన్నిచోట్లా రుద్దకండి. ఆ స్వీటు షాపు కుర్రాడే, పేరు బాగా వచ్చిందని అడ్రసు కూడా అందులోనే చిన్నగా వేయమన్నాడు. వేసి చూపిస్తే a, e అక్షరాల లోపలి ఖాళీలన్నీ రంగుతో పూడుకుపోయి మచ్చల వరస తేలింది. అడ్రసుకి మామూలు సాదా అక్షరాలే గతి. ఇంకో సంగతి, అన్నీ క్యాపిటల్స్‌లో రాయించకండి, దాని అందమంతా చిన్న అక్షరాల్లోనే ఉంది.

అసలు తంటా ఫ్లెక్స్ షాపుల దగ్గర. ఖాళీ కనిపిస్తే వాళ్లకు నిద్ర పట్టదు. కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరుని పట్టుకుని అటు చివర నుంచి ఇటు చివరకు లాగేస్తారు, దానికి తెల్ల అవుట్‌లైన్, దాని మీద ఎర్ర అవుట్‌లైన్, వెనక నీడ, పక్కన ఓనరు గారి ఫొటో, ఆయన బావమరిది ఫొటో. ఇంగ్లీషు ఇంత లావుగా పెట్టి, దాని కింద తెలుగు పేరు మాత్రం పుస్తకం లోపలి పేజీల్లో వాడే సన్న ఫాంట్‌లో వేస్తారు, చదివేది తెలుగువాళ్లయినా సరే! గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర అనే తెలుగు ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, కూపర్ బ్లాక్ పక్కన దీటుగా నిలబడే లావు దానికుంది. కాకపోతే ఒత్తులకు కింద చోటు వదలాలి. ఇంత లావు అక్షరాలు చిన్నగా ప్రింటైతే ధ కింద గీత పొట్టలో కలిసిపోయి ద లాగా కనపడుతుంది, అది కూడా చూసుకోవాలి.

మీ బోర్డుకైతే తెలుగు పేరు పైన పెద్దగా రామభద్రలో, ఇంగ్లీషు కింద సగం సైజులో కూపర్ బ్లాక్‌లో. రెండే రంగులు. కూపర్ బ్లాక్ కోసం ఎక్కడెక్కడో ఫ్రీ డౌన్‌లోడ్లు వెతకక్కర్లేదు, ఎంఎస్ ఆఫీస్ ఉన్న సిస్టమ్‌లో సాధారణంగా ఉంటుంది. ఫ్లెక్స్ అబ్బాయి "త్రీడీ ఎఫెక్ట్ కొట్టమంటారా సార్?" అని తప్పకుండా అడుగుతాడు, వద్దనండి. ఫైల్ ఓకే చేసే ముందు ఫోన్లో ఫొటో చూసి సరిపెట్టుకోకండి, ఏ4 మీద ప్రింట్ తీయించి గోడకి అంటించి మీరే దూరం నుంచి చూడండి.