బీపీ నార్మల్‌కి వచ్చింది కదా, మాత్ర మానేయొచ్చా?

మీ నాన్నగారికి 130/80 వచ్చింది, ఇక మాత్ర వద్దంటున్నారని రాశారు. ఆ 130 వచ్చింది మాత్ర వల్లే. డాక్టర్ని అడక్కుండా మానేస్తే మళ్ళీ ఎక్కుతుంది, తలనొప్పి కూడా రాకుండానే. అయితే ఆయన అసలెందుకు వద్దంటున్నారో అడిగారా?

చిత్తూరు దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకునేది. పాదాలు వాచాయి. "ఈ మాత్రలు కిడ్నీలు తినేస్తాయంట నాయనా" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఆపేసింది. మాతో మాత్రం వేసుకుంటున్నా అనేది. ఆస్పత్రికి తీసుకెళ్తే 170/100. డాక్టరు తలెత్తకుండా డోసు పెంచి రాశాడు. మందు మింగుతున్నావా అని ఒక్క మాట అడగలేదు! పైగా మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి, ఐదు నిమిషాలైనా కూర్చోనివ్వకుండా, చీర చెంగు మీదే పట్టీ చుట్టి బీపీ చూడటమేంటి?

ఇంటికి బీపీ చూడ్డానికొచ్చిన ఏఎన్ఎం, అదే ఊరి నర్సమ్మ, అరుగు మీద పక్కనే కూర్చుంది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కింది. గుంట పడి కాసేపు అలాగే ఉంది. "ఈ మాత్రకి కొందరికి కాళ్ళు ఇట్లే వాస్తాయి పెద్దమ్మా. డాక్టరుకు చెప్పు, మారుస్తారు. కిడ్నీ పరీక్ష కూడా చేయించుకో, నీ అనుమానం తీరుతుంది" అంది. చేయిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది. టెల్మిసార్టన్ అనే ఇంకో బీపీ మాత్రకి మార్చారు, వాపు తగ్గింది. ఇప్పుడు రాత్రి సంగటి తినగానే మాత్ర తనే అడుగుతుంది. నిజానికి ఏళ్ళ తరబడి బీపీని వదిలేస్తేనే కిడ్నీలు పోయేది.

మా వైపు చెయ్యి విరిగితే ఆస్పత్రి వదిలేసి పుత్తూరు కట్టుకు పోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ విరిగిన చోట చేత్తో తడిమి చూసి, ఆకు పసరు పట్టించి వెదురు బద్దలతో కట్టేస్తారు. జనానికి ఆ తడిమి చూసే చేతి మీదే నమ్మకం. చదువుకున్నవాళ్ళు దాన్ని మూఢనమ్మకం అని తీసిపారేస్తారు గానీ, మనిషిని ముట్టుకుని, చెప్పేది వినేవాళ్ళు బీపీ ఓపీలో ఎంతమంది?

మీ నాన్నగారికి మాత్ర మొదలుపెట్టాక కాళ్ళ వాపో, పొడి దగ్గో, లేవగానే కళ్ళు తిరగడమో ఉందేమో నెమ్మదిగా అడగండి. ఉంటే చీటీ మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. బీపీకి మందులు చాలా రకాలున్నాయి, ఒకటి పడకపోతే ఇంకోటి ఇస్తారు.