స్టాగ్‌హార్న్ ఫెర్న్: అడుగున ఎండిన ఆకుని పీకకండి

విజయనగరంలో మేడ మీది వరండా గోడకి స్టాగ్‌హార్న్ ఫెర్న్‌ని చెక్క మీద కట్టి పెట్టాలనుకుంటున్నానని, నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకి అడుగు ఆకులు గోధుమ రంగుకి తిరిగి ఎండిపోతున్నాయని, వాటిని కోసేసి కట్టాలా అని అడిగారు. నీళ్ళ సంగతి కూడా అడిగారు.

ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి. పలాస దగ్గర మా ఇంట్లో నా మొదటి మొక్క సరిగ్గా ఆ కత్తెరతోనే పోయింది.

ఈ ఫెర్న్‌కి రెండు రకాల ఆకులుంటాయి. జింక కొమ్ముల్లా చీలి వేలాడేవి ఒక రకం. గుండ్రంగా పళ్ళెంలా వచ్చి చెక్కని కరచుకునేవి ఇంకో రకం. ఈ పళ్ళెం ఆకులు పచ్చగా మొదలై కొన్నాళ్ళకి అట్టలా ఎండుతాయి. అది జబ్బు కాదు, వాటి పద్ధతే అంత. ఆస్ట్రేలియా తూర్పు అడవుల్లో ఈ మొక్క చెట్ల మానుల మీద పెరుగుతుంది. పైనుంచి రాలిన ఆకులూ చెత్తా ఈ పళ్ళెం వెనక చేరి కుళ్ళి ఎరువవుతాయి. వేళ్ళకి తడి నిలిపేదీ అదే. నేను శుభ్రం చేస్తున్నాననుకుని మొత్తం పీకేశాను. వేళ్ళు బయటపడి, ఆ ఎండాకాలం దాటలేదు.

కట్టడానికి నేను వడ్రంగి దగ్గర మిగిలిన పనస చెక్క వాడాను, అడుగు వెడల్పుది. వేళ్ళ కింద పెట్టే స్ఫాగ్నమ్ మాస్, అంటే తడి పట్టి ఉంచే ఒక రకం నాచు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ఖరీదే. మనకి కొబ్బరి పీచుకి కరువు లేదు కాబట్టి సగం అదీ సగం ఇదీ కలిపాను. పీచులో ఉప్పు ఉంటుంది. బకెట్‌లో నానబెట్టి రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ ఉండండి. చెక్క మధ్యలో ఆ పీచు గుప్పెడు పెట్టి, కుండీ మట్టి దులిపిన వేళ్ళని దాని మీద ఆనించి, పళ్ళెం ఆకు మీదుగా గాలం దారంతో బిగించి కట్టండి. రాగి తీగ మాత్రం వద్దు, ఫెర్న్‌లకి రాగి పడదు. మధ్యలో కొత్త ఆకులొచ్చే మొగ్గ ఉంటుంది, దాని మీద దారం పడకూడదు, పీచు కప్పకూడదు. కొత్త పళ్ళెం ఆకులొస్తే దారం వాటి కింద దాక్కుంటుంది.

గోడ ఉత్తరం వైపుదో తూర్పు వైపుదో అయితే మంచిది. నా రెండో మొక్కని పడమటి గోడకి పెట్టాను. రోహిణీ కార్తెలో కొమ్ములు మాడిపోయాయి. గోడకీ చెక్కకీ మధ్య అంగుళం ఖాళీ వదలండి, లేకపోతే చెమ్మ పట్టి గోడ సున్నం ఊడుతుంది, చెదలూ వస్తాయి. స్క్రూలతో బిగించేయకుండా కొక్కానికి తగిలించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. గోడకి బిగించిన చెక్కని ఆ ముందు రాత్రి విప్పుకోలేక వదిలేశాను. పొద్దున్న చూస్తే స్క్రూలే మిగిలాయి.

కొక్కెం వల్ల నీళ్ళూ తేలిక. చెక్కని దింపి టబ్బులో పావుగంట ముంచి, కారిపోయాక మళ్ళీ తగిలిస్తాను. రోజుల లెక్క పెట్టుకోకండి, చేత్తో ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటేనే ముంచండి. మే నెలలో నాకు రెండు మూడు రోజులకోసారి పడుతుంది, ముసురు పట్టినప్పుడు వారాల తరబడి ముట్టుకోను. కొమ్ములు వాడి వాలితే దాహం. మొక్క మొదలు దగ్గర నల్లగా మెత్తబడితే నీళ్ళు ఎక్కువైనట్టు, రెండోది వస్తే కాపాడటం కష్టం. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టి దాచుకోండి.

ఎరువుకి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. నెలకోసారి మామూలు ఎరువు నీళ్ళు, డబ్బా మీద చెప్పినదాంట్లో సగం మోతాదుకి పలచన చేసి పోస్తే చాలు. పళ్ళెం వెనక అరటి తొక్కలు పెట్టమంటారు కొందరు, నేను పెడితే చీమలు కాపురం పెట్టాయి.

ఇంకొకటి. ఆకుల మీద తెల్లటి నూగు ఉంటుంది. మా అత్తయ్య అది దుమ్మనుకుని తడిగుడ్డతో తుడిచేసింది. అది తేమ ఆరిపోకుండా ఆకుకున్న రక్షణ, తుడవకండి. కొమ్ముల చివర అడుగున ముదురు గోధుమ రంగు మచ్చ కనిపిస్తే మందు కొట్టబోకండి, అవి ఫెర్న్ విత్తనాల్లాంటి స్పోర్లు. మీ వరండా ఏ దిక్కుదో చెప్పండి, పడమర అయితే ముందు పరదా కట్టించి తర్వాత మొక్క పెడుదురు గాని.