పాత సెడాన్ మైలేజీ పడిపోతే ఇంజిను విప్పించే ముందు చూడవలసినవి

నమస్కారమండి. బరంపురంలో మీరు కొన్న పెట్రోల్ సెడాన్ 1,60,000 కిలోమీటర్లు తిరిగిందనీ, లీటరుకు 15 ఇచ్చేది 11కు పడిపోయిందనీ, మెకానిక్ ఇంజిను విప్పాలంటున్నాడనీ రాశారు. పొగ వదలకుండా, ఆయిలు తాగకుండా ఉంటే దయచేసి ఇప్పుడే విప్పించకండి.

మొదట బ్రేకులు చూడండి. తప్తపాణి ఘాట్ మీదుగా మోహన ఊరికి తరచూ వెళ్తున్నారు కాబట్టి, బ్రేకుల వేడికి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నుల గ్రీజు ఎండి అవి బిగుసుకుపోయి ఉండవచ్చు. చదునైన రోడ్డు మీద బ్రేకు దాదాపు వాడకుండా కొంత దూరం నడిపి ఆపాక, తాకకుండా ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఏ చక్రం సెగ ఎక్కువగా తగిలితే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టే.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజిను వేడెక్కే దాకా కూలెంటును రేడియేటర్‌కు వెళ్లనివ్వకుండా ఆపే వాల్వు. ఉదయం చల్లటి ఇంజిను స్టార్ట్ చేశాక రేడియేటర్ పై గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఆపైన త్వరగా వేడెక్కాలి. మొదటి నుంచే మెల్లమెల్లగా వేడెక్కుతుంటే వాల్వు తెరుచుకునే ఉండిపోయి ఉండవచ్చు. అప్పుడు ఇంజిను ఇంకా వేడెక్కలేదని ఈసీయూ (ఇంజినును నడిపించే కంప్యూటర్) అదనంగా పెట్రోలు పోస్తుంటుంది. చూసేటప్పుడు ఫ్యానుకు, బెల్టుకు చెయ్యి దూరంగా ఉంచండి.

ఎయిర్ ఫిల్టర్ మురికి పడితే లాగుడు తగ్గుతుందే గాని ఇంత మైలేజీ పోదు. టైర్లలో గాలి మాత్రం అవి చల్లగా ఉన్నప్పుడే చూపించండి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దే వద్దు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, బ్రేకులూ కాలిపోవు.

బాగుచేయించాక మైలేజీని డిస్‌ప్లే చూసి కాకుండా, ఒకే బంకులో ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్కకట్టి ఇక్కడ రాయండి.