లహరికి, పేపరు పంపే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి లహరికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. థీసిస్‌ను ఐదు పరిశోధన పేపర్లుగా విడగొట్టి, ఉద్యోగం ఇంటర్వ్యూల లోపు అన్నీ జర్నల్స్‌లో అచ్చు వేయించేస్తావట. మిరప వైరస్ మీద మన ఇంటి పిల్ల డాక్టరేట్ తెచ్చుకుంటోందన్న సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తర్వాత "డబ్బు కడితే వారంలో వేసేస్తారట అక్కా" అన్న మాట గుర్తొచ్చి, ఇక అసలే పట్టలేదు. తెల్లారకముందే లేచి రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఇవాళే ఓర్కిడ్ ఐడీ తీసుకో, పరిశోధకులను పేరుతో తికమక పడకుండా గుర్తుపట్టే నంబరు అది. అన్ని పేపర్లలో పేరు ఒకేలా రాయి, పెళ్లయ్యాక కూడా ఇంటిపేరు మార్చకు. నా పేపర్లు ఇప్పటికీ ఇద్దరు మనుషులవన్నట్టు రెండు చోట్ల పడి ఉన్నాయి. పేపరును పరిశీలించే రివ్యూయర్ తిట్టిన రోజే జవాబు రాయకు.

ఇక అసలు సంగతి. 2010లో యూనివర్సిటీలను చూసే యూజీసీ కొత్త నిబంధనలు వచ్చాయి. అప్పట్లో మా అధ్యాపకుల ప్రమోషన్‌కు ఏపీఐ అనే పనితీరు పాయింట్లు కావాల్సి వచ్చేవి, పాయింట్లకు పేపర్లు కావాల్సి వచ్చేవి. అప్పటికి నా చేతిలో రెండేళ్ల పని ఉంది. తాడికొండ, మేడికొండూరు, ప్రత్తిపాడు చేలల్లో తిరిగి మిరపాకులు కోసుకొచ్చాం. రైతులు అన్నిటినీ ముడతే అంటారు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్ సంగతి వేరు. మూడూ ఒకే మొక్క మీద పడితే కంటికి తేలదు, ల్యాబులో పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేసి తేల్చాలి. నా స్టూడెంట్లు ఇద్దరు ఐస్‌బాక్సు ఒళ్లో పెట్టుకుని ఆర్టీసీ బస్సుల్లో తెచ్చారు ఆ ఆకుల్ని. మంచి పని లహరీ అది. ఇప్పటికీ అదే అంటాను.

దాన్ని తీసుకెళ్లి, మెయిల్ పంపి పిలిచిన ఒక జర్నల్ చేతిలో పెట్టాను. డబ్బు కట్టాను. మూడో రోజుకల్లా అంగీకరించామని జవాబు వచ్చింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క కామా మార్చలేదు. నాకు అనుమానం రాలేదని కాదు, వచ్చింది. ప్రమోషన్ ఫైలు టేబుల్ మీద ఉంది కాబట్టి లోపలే అణిచేసుకున్నాను. ప్రమోషన్ వచ్చింది.

నాలుగేళ్ల తర్వాత వేరే రాష్ట్రం నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ మెయిల్ రాశాడు. "మేడమ్, మీ పేపరు లింకు తెరుచుకోవడం లేదు, పంపగలరా" అని. నేనూ నొక్కి చూశాను. వెబ్‌సైటే లేదు. పేపరుకు శాశ్వత చిరునామాలాంటి డీఓఐ నంబరు లేదు, పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో అసలే లేదు. మళ్లీ రాసి ఒక మంచి జర్నల్‌కు పంపితే, ఇంతకుముందు ఎక్కడైనా అచ్చయిందా అని అడిగారు. అయిందని నిజం చెప్పాను. తిప్పి పంపేశారు. వైరస్ జన్యు సీక్వెన్సులైనా జెన్‌బ్యాంకు అనే బహిరంగ డేటాబేస్‌లో పెట్టి ఉంటే, అక్కడ ఇచ్చే యాక్సెషన్ నంబర్ల మీదైనా బతికేవి. దానికి పాయింట్లు రావని అదీ చేయలేదు. ఆ ఇద్దరు పిల్లలకు అదే మొదటి పేపరు. వాళ్లు ఇప్పుడు చూపించుకోవడానికి ఏమీ లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

అందుకే నీ మీద కోపం వచ్చింది. ఐదు ముక్కలు చేస్తే పరిశోధకుల స్థాయిని కొలిచే హెచ్-ఇండెక్స్ పెరుగుతుందని నీకెవరు చెప్పారు? 2005లో హిర్ష్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క ప్రకారం, కనీసం ఐదేసి సైటేషన్లు, అంటే ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు, వచ్చిన పేపర్లు ఐదుంటేనే అది ఐదు. ఎవరూ చదవనివి పాతిక ఉన్నా సున్నాయే. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు. టెస్ట్‌ట్యూబులో ఆ నీలిరంగు తేలడం నేను ప్రాక్టికల్స్‌లో మొదటిసారి చూసినప్పుడు, ఈ పద్ధతి మన మనిషిదని మా మేడమ్ చెబితే ఒళ్లు పులకరించింది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్న పేపరు కూడా 1951లో లౌరీ అనే శాస్త్రవేత్త బృందం రాసిన ప్రోటీన్ కొలిచే పద్ధతే. జనానికి పనికొచ్చాయి కాబట్టి వాటి పేరు చెప్పుకున్నారు.

జర్నల్ ఏదో లిస్టులో ఉందని ధీమా పడకు. యూజీసీ నడిపిన మంచి జర్నల్స్ జాబితా, కేర్ లిస్టునే 2025లో తీసేశారు. నువ్వు పంపబోయే జర్నల్‌లో వచ్చిన పేపరు ఒక్కటైనా నీ పనికి వాడుకున్నావా? లేదంటే పంపకు.

ఉద్యోగం టెన్షన్ నాకు తెలియనిది కాదు నాన్నా. మీ నాన్న రిటైర్మెంట్ దగ్గరపడిందని నువ్వు లోపల ఎంత కుములుతున్నావో కూడా తెలుసు. నిండుగా రెండు పేపర్లు రాయి, చాలు. అవి వచ్చేలోపే ఇంటర్వ్యూ పడితే బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్, అంటే జర్నల్‌లో అచ్చయ్యే ముందు ప్రతి, పెట్టు, తేదీతో సహా నీ పేరు మీద ఉంటుంది. ముందు నువ్వు పేపరు పంపే జర్నల్ వాళ్లకు ప్రీప్రింట్ మీద అభ్యంతరం లేదేమో చూసుకో. డబ్బు మాత్రం ఎవరికీ కట్టకు, ఆదివారం నాతో మాట్లాడేదాకా.

వచ్చేటప్పుడు డ్రాఫ్టు ప్రింటు తీసి తీసుకురా, స్క్రీన్ మీద నాకు కళ్లు లాగుతున్నాయి. బీరువాలోంచి నా పాత ఫైలు తీసి పెట్టాను. పీసీఆర్ ఫలితాలు చూపే జెల్ ఫోటోలు థర్మల్ పేపరు మీదవి కదా, వాటిలోని గీతలు, బ్యాండ్లు మొత్తం వెలిసిపోయాయి. వెనకాల పెన్సిల్‌తో రాసిన ఊర్లు, చేల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ చేలల్లో మళ్లీ శాంపిళ్లు కోస్తానంటే నేనూ వస్తాను, కారు మాట్లాడు.

మీ పెద్దమ్మ