రొట్టె, బీరే జీతం

ప్రశ్న: ప్రాచీన ఈజిప్టులో మామూలు జనం రోజూ ఏం తినేవారు? కూలి కూడా తిండి రూపంలోనే ఇచ్చేవారట, నిజమేనా?

జవాబు: నిజమేనండీ. అప్పట్లో నాణేలు లేవు. రాజుల సమాధులు తొలిచిన డెయిర్ ఎల్ మదీనా అనే ఊరి పనివాడికి నెలకు దాదాపు 300 లీటర్ల గోధుమలు రొట్టెకి, 115 లీటర్ల బార్లీ బీరుకి ఇచ్చేవారు. ఆ బీరు చిక్కగా, కడుపు నింపేలా ఉండేది. పిల్లలూ తాగేవారు. వీటితోపాటు ఉల్లిపాయలు, చేపలు, పప్పులు, ఖర్జూరాలు. మాంసం చాలామందికి పండగపూట మాటే.

నేను ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఖా అనే పెద్దమేస్త్రీ సమాధిలో దొరికిన రొట్టెలు చూశాను. దాదాపు 3,400 ఏళ్లనాటివి, ఎండి గోధుమరంగుకి తిరిగాయి. చాలాసేపు అక్కడినుంచి కదలలేకపోయాను. ఆ పిండి విసిరింది ఎవరో ఆడవాళ్లే అయ్యుంటారు. మన సన్నికల్లులాంటి వాలు రాయి ముందు మోకాళ్లమీద కూర్చుని, చేతిరాయిని ముందుకీ వెనక్కీ తోస్తూ నూరేవారు. రాతిపొడి, ఎడారి ఇసుక పిండిలో కలిసిపోయేవి. అందుకే మమ్మీల్లో ధనిక, పేద తేడా లేకుండా పళ్లు బాగా అరిగిపోయి కనిపిస్తాయి.

నన్ను ఎక్కువ కదిలించింది అదే మ్యూజియంలోని ఒక పపైరస్, అంటే ఆ కాలపు రెల్లుకాగితం మీది రాత. ఈజిప్టు రాజు మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, రేషన్ ఆలస్యమైందని డెయిర్ ఎల్ మదీనా పనివాళ్లు పని ఆపేసి గుడి వెనక బైఠాయించారు. ఆకలిదప్పులే మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు అన్నారు. చివరికి అధికారులు ధాన్యం ఇవ్వక తప్పలేదు.