పొలం అమ్మి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ వద్దు, ఎకాలజీ చదువుతానంటోంది. సొంత అడవి, అందులో పరిశోధన కేంద్రం ఉన్న అమెరికా యూనివర్సిటీలో డిగ్రీ చేయిస్తే తిరుగుండదని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. పొలం అమ్మి పంపాలా, ఇక్కడే బీఎస్సీలో చేర్చాలా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పొలం అమ్మకండి. ఏటా ఫలితాల వేళ ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. యూనివర్సిటీ పేరు మారుతుంది గానీ తల్లిదండ్రుల గుబులు మారదు: చెట్లూ పిట్టలూ చూసే చదువుతో పిల్ల బతకగలదా? బతకగలదు. కాకపోతే పాతికేళ్లు దాటేదాకా చేతికి పెద్ద డబ్బు రాదు. అది తెలిసే దిగాలి.

యూనివర్సిటీల అడవులు గొప్పవే. హార్వర్డ్ ఫారెస్ట్ 1907 నుంచి ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల వైథమ్ వుడ్స్‌లో చెట్లకు పెట్టెలు కట్టి, వాటిలో గూడు పెట్టే పిట్టల గుడ్లూ పిల్లల లెక్క 1947 నుంచి ఏటా రాస్తున్నారు. వసంతం ముందే వస్తుంటే పిట్ట ఎన్ని రోజులు ముందుగా గుడ్డు పెడుతోందో ఈ రోజు చెప్పగలుగుతున్నారంటే, ఆ లెక్క తెగకపోవడం వల్లే. కానీ ఆ లెక్కలతో రోజూ కుస్తీ పట్టేది ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులు. డిగ్రీ మొదటి రెండేళ్లూ కెమిస్ట్రీ, గణితం, జనరల్ బయాలజీతోనే గడుస్తాయి. అడవికి వెళ్లేది క్లాసుతో కలిసి కొన్ని పూటలే. అక్కడ సైన్స్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తారు. అప్పుడు ఉచితంగా తెరుచుకునే గేటుకి ఇప్పుడు పొలం పెట్టడం దేనికి? పైగా అమెరికాలో నేషనల్ పార్కుల ఉద్యోగాలు ఫెడరల్ ప్రభుత్వానివి, దాదాపు అన్నీ ఆ దేశ పౌరులకే. అప్పు చేసి డిగ్రీ తెచ్చుకున్న మన పిల్ల వాటికి దరఖాస్తు పెట్టడానికి కూడా వీలుండదు. ఈ మాట మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారా? అడగండి.

మన దగ్గరా ఇలాంటి పని జరుగుతోంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు 1988లో 50 హెక్టార్లు గుర్తించి, ఒక సెంటీమీటరు మించి లావున్న ప్రతి కాండానికీ నంబరు వేశారు. ఇలాంటి చోట పనికొచ్చే పిల్ల కావాలంటే చేతికి పని రావాలి. చెట్లు లెక్కపెట్టడానికి నేల మీద పది మీటర్ల చదరం గీయడం తేలికనిపిస్తుంది. నాలుగు భుజాలూ పదేసి మీటర్లు వచ్చినా మూల నుంచి మూలకు 14.14 మీటర్లు రాకపోతే అది చదరం కాదు, వాలిపోయిన గడి. లోపలికి వచ్చిన చెట్ల లెక్క తప్పు. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీయాలి, టేపు కింద తీగ చిక్కుకోకూడదు, కొలిచిన చోట రంగు గీత పెట్టాలి. గీత లేకపోతే మరుసటి ఏడు ఇంకొకరు జానెడు పైన కొలుస్తారు, కాగితం మీద చెట్టు సన్నబడుతుంది. నంబరు బిళ్ల మేకును పూర్తిగా దిగ్గొట్టినా తప్పే. చెట్టు లావెక్కుతూ బిళ్లను మింగేస్తుంది.

ఇక డిగ్రీ. బోటనీ గానీ జువాలజీ గానీ మేజర్‌గా తీసుకోమనండి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ అర్హత సబ్జెక్టుల్లో బోటనీ, జువాలజీ ఉన్నాయి, అది లేదు. మూడేళ్లు చదివాక ఈ సంగతి తెలిసి ఏడ్చే పిల్లలున్నారు. తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) సీటొస్తే ఇంకా మంచిది, అక్కడ పక్షుల మీద పరిశోధన జరుగుతోంది. తర్వాత డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, పాండిచ్చేరి యూనివర్సిటీల్లో పీజీ ఉంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. బైపీసీ పిల్లలు తడబడేది స్టాటిస్టిక్స్ దగ్గర. డిగ్రీ మొదటి ఏడే ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టించండి.

ఆడపిల్ల అడవుల్లో ఎలా అని మీరు రాయలేదు, కానీ అదీ మీ మనసులో ఉండే ఉంటుంది. ఫీల్డుకి ఒంటరిగా పంపరు. అటవీ శాఖ అనుమతి, తోడుగా స్థానిక మనిషి, కాళ్లకు బూట్లు ఉంటాయి. ఇష్టం లేని నీట్ కోసం లాంగ్ టర్మ్ హాస్టల్లో ఏడాది కుక్కడానికి వెనుకాడని నాన్నలు, ఇష్టపడిన చదువుకి మాత్రం వంద భయాలు చెబుతారు. ఇది మీ పిల్లకి అన్యాయం.

ముందు ఒక పని చేయించండి. ఉప్పలపాడు పక్షుల కేంద్రం మీకు దగ్గరే. నెలకోసారి, ఒకే చోట నిలబడి, ఒకే వేళకి, చెరువులో చెట్ల మీది గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు లెక్కపెట్టమనండి. ఎగిరే పక్షుల్ని కలపకూడదు, గూళ్లు మాత్రమే. రెండుసార్లు లెక్కించి రెండూ రాయాలి, గాలి, ఎండ, నీటి మట్టం పక్కన వేయాలి. గట్టు దిగి దగ్గరకు వెళ్లకూడదు, పెద్ద పక్షులు లేస్తే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి. పన్నెండు నెలలు నోట్‌బుక్ ఆగకుండా నిండితే, ఆ నోట్‌బుక్కే ఇంటర్వ్యూకి తీసుకెళ్లమనండి.