పాత ఆసుపత్రి ఫోటోలు: డాక్టర్లవి గోడకు, పేషెంట్లవి బీరువాకు

మీ డిపార్ట్‌మెంట్ గదిలో దొరికిన పాత గ్రూప్ ఫోటోల ఫ్రేములు, పేషెంట్ల ఆల్బమ్ స్కాన్ చేసి పూర్వ విద్యార్థుల సమావేశంలో పెట్టాలనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. వరంగల్‌లో ఇలాంటివి సర్దిన అనుభవంతో చెప్తున్నాను. రెండింటినీ కాపాడే తీరు ఒకటే, బయటపెట్టే తీరు మాత్రం పూర్తిగా వేరు.

ఫ్రేము వెంటనే విప్పకండి. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు పైపొర జెలటిన్, అంటే ఒక రకం జిగురు. వానాకాలం చెమ్మకు మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే ముఖం ఊడి అద్దానికే ఉండిపోతుంది. పైగా జయంతికీ వర్ధంతికీ దండలు వేస్తాం కదా, పూల నీళ్లు అద్దం మీదుగా జారి కింది అంచులోకి దిగుతాయి. అందుకే కుర్చీల్లో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర ముందుగా అంటుకుంటుంది. టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి, అంటిన చోటు తడి మరకలా ముదురుగా కనిపిస్తుంది. అలాంటిదాన్ని అద్దంతోనే ఫోటో తీయాలి. కెమెరా స్టాండు మీద, ఫ్రేముకు సరిగ్గా ఎదురుగా. రెండు లైట్లు చెరో పక్క నుంచి 45 డిగ్రీల్లో. కెమెరా ముందు లెన్సు పట్టేంత రంధ్రం చేసిన నల్లగుడ్డ. గుడ్డ లేకపోతే అద్దంలో మీరే కనిపిస్తారు.

అద్దానికి అంటని ప్రింట్లను డిసెంబరు, ఫిబ్రవరి మధ్య ఫ్రేములోంచి బయటకు తీయడం మేలు. మే ఎండలకు జెలటిన్ పెళుసుబారి, చుట్టుకున్న ప్రింటును సాపు చేయబోతే పగుళ్లిస్తుంది. దుమ్ము రబ్బరు బ్లోయర్‌తో పోగొట్టండి, తడిగుడ్డ వద్దు. 8×10 అంగుళాల ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు, చిన్నవాటికి 1200. బ్లాక్ అండ్ వైట్ అయినా కలర్‌లోనే, టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫోటో ఫైలు) రూపంలో స్కాన్ చేయండి. పసుపు మరక ఏదో, సిరా ఏదో తర్వాత విడిగా తెలుస్తుంది. 8×10 ఒక్కోటి దాదాపు 86 ఎంబీ వస్తుంది. ముఖాలను స్పష్టం చేస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. అవి లేని కన్నూ ముక్కూ కల్పిస్తాయి. పేషెంటు ఫోటోలోనైతే పుండు అంచునే మార్చేస్తాయి.

వెనకవైపూ తప్పకుండా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది కాబట్టి ఆ పేరు బోర్డు మీదుంటే ఫోటో అంతకు ముందుది కాదు. నిజాం కాలం ఆసుపత్రి ఫోటోల మీద ఉర్దూలో ఫసలీ (నిజాం ప్రభుత్వం వాడిన క్యాలెండరు) సంవత్సరం ఉండొచ్చు. దానికి 590 కలపండి: 1350 ఫసలీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. ఈ లెక్క తెలియక కొందరు ఫసలీని హిజ్రీ అనుకుంటారు, అప్పుడు తేదీ దాదాపు పదేళ్లు వెనక్కి పోతుంది.

పేర్లకు ట్రేసింగ్ పేపరు మీద తలల గీతలు గీసి నంబర్లు వేయండి. ఇద్దరు సీనియర్లను విడివిడిగా అడిగి, ఇద్దరూ ఒకే పేరు చెబితేనే రాసుకోండి. ప్రిన్సిపాల్, ప్రొఫెసర్ల పేర్లు అందరూ చెబుతారు. చివర నిలబడ్డ సిస్టర్లు, ఆయాలు, వార్డ్ బాయ్‌ల పేర్లు రిటైరైన నర్సింగ్ వాళ్లకే తెలుస్తాయి. వాళ్లను వదిలేయకండి, వార్డు నడిపింది వాళ్లే.

ఇక పేషెంట్ల ఆల్బమ్. ఆ ఫోటోలు పాఠం కోసం తీసినవి. చాలామందిని ఒక మాటైనా అడగకుండా, బట్టలు విప్పించి తీశారు. కుష్టు, మానసిక వ్యాధుల ఫోటోలైతే ఈరోజుకీ ఆ ఇంటి మనుమలకు ఇబ్బందే. వైద్యుల 2002 ప్రవర్తనా నియమాల ప్రకారం గుర్తుపట్టేలా పేషెంటు ఫోటో ప్రచురించాలంటే అనుమతి కావాలి. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుందనుకోవద్దు. పచ్చబొట్టు, ముక్కుపుడక, పక్కన నిలబడ్డ తల్లి ముఖం చాలు ఊళ్లోవాళ్లు పోల్చుకోవడానికి. స్కాన్ ఫైలు పేరులో పేషెంటు పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) పెట్టకండి. వరుస నంబరు పెట్టి, పేరు, నంబర్లున్న పట్టిక వేరే లాకర్లో ఉంచండి. సమావేశంలో పరికరాలు, మనుషుల్లేని వార్డు హాలు, పేరు కత్తిరించిన ఎక్స్‌రే చూపించండి. పేషెంటు ముఖమున్నది ఏదైనా చూపించాల్సి వస్తే ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ ముందు పెట్టండి, వాట్సాప్ గ్రూపులో మాత్రం వేయొద్దు.